లక్ష దాటిన బండి.. లక్షణంగా కొనాలంటే!

కొత్త ఉద్యోగం, కొత్త లైసెన్స్, మనసేమో టర్బో ఇంజిన్ మీద! కొత్త కారుకి డబ్బుల్లేవు. పాతదైతే చేతికి అందేలా ఉంది, కానీ మీటర్ లక్ష దాటేసింది. కొనాలా, వద్దా? కొని, దెబ్బతిని, ఇప్పటికీ అదే కారు నడుపుతున్న ఓ పాతికేళ్ల కుర్రాడి లెక్క ఇది.

ఆ ఆదివారం పొద్దున్నే ఎనిమిదింటికి నాగోల్‌లో ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడ్డాం, నేనూ నాన్నా. ఎదురుగా ఎర్ర సెడాన్. 2015 మోడల్. టర్బో పెట్రోల్ ఇంజిన్, డ్యుయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మీటర్ మీద 1,12,000 కిలోమీటర్లు. ఓనర్ అడుగుతున్నది 4,70,000.

నేను గుళ్లో చేసినట్టు కారు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నా. అల్లాయ్ వీల్స్ చూశా, సీట్ల మీద ఎర్ర దారం కుట్టు చూశా, ఫొటోలు తీసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టేశా. నాన్న ఏమీ మాట్లాడలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఓ క్షణం ఆగారు. తర్వాత నా పక్కకొచ్చి మెల్లగా అన్నారు.

"ఇంజిన్ వేడిగా ఉందిరా. మనం రాకముందే ఎందుకు స్టార్ట్ చేశాడు?"

నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నేనేమో రెండేళ్లుగా రాత్రిళ్లు కార్ల వీడియోలు చూసి పెద్ద ఎక్స్‌పర్ట్‌ననుకుంటున్నా. "పార్కింగ్ మార్చి ఉంటాడులే నాన్నా" అనేశా. ఓ పావుగంట నడిపి చూశా. యాక్సిలరేటర్ తొక్కగానే వీపు సీటుకి అతుక్కుపోయింది. ఇంకేం కావాలి? బేరం 4,30,000 దగ్గర తెగింది. అక్కడే నిలబడి అడ్వాన్స్ కొట్టేశా.

అయిదు వారాల తర్వాత ఆ అరచేతి మాట ఖరీదు తెలిసొచ్చింది. 68,000 రూపాయలు!

ఎందుకంత చవక?

మన ఇళ్లల్లో కారు అనగానే వచ్చే మొదటి ప్రశ్న 'మైలేజ్ ఎంతిస్తుంది?'. రెండోది 'ఎంత తిరిగింది?'. లక్ష దాటిందంటే చాలు, 'అమ్మో, ఇంజిన్ అయిపోయుంటుంది' అని తేల్చేస్తారు. పవర్ ఉన్న కార్లకి ఈ రెండు ప్రశ్నల్లోనూ మార్కులు పడవు. పెట్రోల్ బాగా తాగుతాయి, స్పేర్ పార్ట్స్ ఖరీదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో రేటు దబ్బున పడిపోతుంది. సరిగ్గా అక్కడే మనలాంటివాళ్లకి ఆశ పుడుతుంది.

ఇప్పుడు కుర్రాళ్లు వెతికే బండ్లు చూడండి. 2013లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ: 1.2 లీటర్ల టర్బో పెట్రోల్, 105 పీఎస్. 2015లో వచ్చిన ఫియట్ అబార్త్ పుంటో: 1.4 లీటర్ల టర్బో, 145 బీహెచ్‌పీ. 2017లో మారుతీ బాలెనో ఆర్‌ఎస్: ఒక లీటరు బూస్టర్‌జెట్, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. 2018లో టాటా టియాగో జేటీపీ. డీజిల్ కావాలంటే ఫోర్డ్ ఫిగో 1.5, 100 పీఎస్. జేబు కాస్త పెద్దదైతే 2017 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్: 2.0 లీటర్లు, 230 పీఎస్.

వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. ఏదీ ఇప్పుడు షోరూమ్‌లో దొరకదు. పోలో తయారీ మన దగ్గర 2022లో ఆగిపోయింది. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఫియట్ అంతకుముందే సర్దుకుంది. అంటే మీరు కొనేది ఒక్క కారు కాదు, దాని స్పేర్ పార్ట్స్ వెతుకులాట కూడా.

అందుకే ఓ చిన్న పని చేయండి. ఏ మోడల్ మీద మనసు పడ్డా, ఓనర్‌కి ఫోన్ చేసేముందు స్పేర్ పార్ట్స్ షాపుకి ఫోన్ చేయండి. హెడ్‌లైట్, ముందు బంపర్, లోయర్ ఆర్మ్, క్లచ్ సెట్, టర్బో.. ఈ అయిదింటి రేట్లు అడగండి. ఎన్ని రోజుల్లో వస్తాయో కూడా అడగండి. ఆ కాగితం చూశాక కూడా మనసు మారకపోతే అప్పుడు కారు చూడ్డానికి వెళ్లండి.

పెద్ద నంబర్ భయపెడుతుంది, చిన్న నంబర్ ముంచుతుంది

ఎర్ర కారుకి ముందు వారం కూకట్‌పల్లిలో ఇంకో బండి చూశా. మీటర్‌లో 48,000 మాత్రమే. అబ్బో అనుకున్నా. కానీ డ్రైవర్ సీటు అంచు చిరిగి ఉంది, స్టీరింగ్ తోలు అరిగి నున్నగా మెరుస్తోంది, బ్రేక్ పెడల్ రబ్బరు మీద గీతలే లేవు. గ్లవ్ బాక్స్‌లో పాత సర్వీస్ బిల్లు ఒకటి దొరికింది. 2019లో వేసిన బిల్లు అది. అందులో కిలోమీటర్లు 71,000! అమ్మే ఆయన మొహం చూడాలి. "బిల్లు తప్పు పడి ఉంటది" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాం.

మీటర్ వెనక్కి తిప్పడం పెద్ద విద్యేం కాదు. కానీ బండి మొత్తాన్ని వెనక్కి తిప్పలేరు. సర్వీస్ బిల్లులన్నిటిలో తేదీ, కిలోమీటర్లు రెండూ ఉంటాయి. వాటిని వరసగా పెట్టి చూస్తే ఏడాదికి ఎంత తిరిగిందో తెలిసిపోతుంది. కొన్ని కార్లలో ఇంజిన్, గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్లలో కూడా కిలోమీటర్లు విడిగా నమోదవుతాయి. ఆ కంపెనీకి పనికొచ్చే స్కానర్ ఉన్న మెకానిక్ వాటిని తీసి చూపిస్తాడు.

ఇక హైవే మీద ఏడాదికి పాతిక వేలు తిరిగి, టైమ్‌కి ఆయిల్ మార్చుకున్న లక్ష కిలోమీటర్ల బండి.. సిటీ జామ్‌లో ఫస్ట్ గేర్, సెకండ్ గేర్‌లో నలిగిన యాభై వేల బండికన్నా నయం కావచ్చు. ఇంజిన్‌కి కిలోమీటర్ల కంటే ఎక్కువ హాని చేసేది మార్చని ఆయిల్. టర్బో బండికైతే మరీ. టర్బో లోపలి షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. దాన్ని కాపాడేది ఆ పల్చటి ఆయిల్ పొరే.

ఈ లెక్కన నేను ఎంచుకున్న ఎర్ర కారు మంచిదే. బిల్లులన్నీ ఉన్నాయి, మీటర్ నిజమే చెప్తోంది. మరి ఎక్కడ తప్పు చేశా?

టోల్‌గేట్ దగ్గర ఆగిపోయిన రాత్రి

కారు వచ్చిన మొదటి వారం నుంచే ఓ చిన్న సంగతి కనిపించింది. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున స్టార్ట్ చేసి రివర్స్ పెడితే వెంటనే కదిలేది కాదు. రెండు మూడు సెకన్లు ఆలోచించి అప్పుడు 'టక్'మని కదిలేది. వేడెక్కాక అంతా మామూలే. 'ఆటోమేటిక్ కదా, ఇలాగే ఉంటుందేమో' అనుకున్నా. మొదటిసారి కారు కొన్నవాళ్లకి ఏది మామూలో ఏది జబ్బో తెలియదు. అసలు సమస్య అదే.

జూన్ రెండో వారం. అమ్మనీ చెల్లినీ సూర్యాపేటలో దింపడానికి రాత్రి బయల్దేరా. వాన మొదలైంది. చౌటుప్పల్ దాటాక పంతంగి టోల్‌ప్లాజా. ఫాస్టాగ్ లైన్‌లో ముందు నాలుగు బండ్లు, వెనక ఓ లారీ. నా వంతు వచ్చింది, గేటు లేచింది. యాక్సిలరేటర్ తొక్కా. ఇంజిన్ అరుస్తోంది, చక్రం కదలట్లేదు. మీటర్ మధ్యలో గేర్ అక్షరాలు టపటపా ఆరి వెలుగుతున్నాయి. వెనక లారీ హారన్. అమ్మ "ఏమైందిరా?" అంటోంది. నాకు చెమట్లు పట్టేశాయి.

టోల్ సిబ్బంది నలుగురు వచ్చి న్యూట్రల్‌లో తోసి పక్కకి పెట్టారు. అమ్మనీ చెల్లినీ విజయవాడ వైపు వెళ్లే బస్సు ఎక్కించా. వానలో గొడుగు పట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా కారు పక్కన నిలబడ్డా. ఇలాంటి గేర్‌బాక్స్ బండిని తాడు కట్టి లాక్కెళ్లకూడదు, చక్రాలు నేలకి తగలకుండా లారీ మీద ఎక్కించుకుపోవాలి. దానికి 6,500. ఇన్సూరెన్స్‌లో కొన్ని వందలు ఎక్కువ కట్టి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది. 'ఎందుకు దండగ' అని వదిలేసింది నేనే.

కంపెనీ పేరు చెప్పను. ఎందుకంటే ఇది నా తొందరపాటు కథ. ఒకచోట గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ మొత్తం కొత్తది వేయాలన్నారు. 1,45,000. ఇంకో షెడ్డులో, ఇలాంటి గేర్‌బాక్స్‌లే చూసే ఓ మెకానిక్ అన్న విప్పి, పాడైన భాగం మాత్రం మార్చి 68,000 తీసుకున్నాడు.

బండి విప్పుతూ ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "కొనేముందు చల్ల ఇంజిన్ మీద చూసినవా తమ్మీ?"

సెల్లార్‌లో నాన్న అరచెయ్యి గుర్తొచ్చింది. ముందే స్టార్ట్ చేసి ఉంచిన బండిలో ఆ రెండు మూడు సెకన్ల ఆలస్యం కనిపించదు. ఓనర్ కావాలనే చేశాడో, నిజంగానే పార్కింగ్ మార్చాడో నాకు తెలీదు. ఆ ప్రశ్న అడగాల్సింది మాత్రం నేనే.

అసలు లెక్క ఇదీ

కారు కోసం నేను పోగేసింది 4,50,000. అందులో మూడు లక్షలు నా పొదుపు. లక్షన్నర నాన్న రిటైర్మెంట్ డబ్బు. చెల్లి కాలేజీ ఫీజు టైమ్‌కి కొంతైనా తిరిగిస్తానని మాటిచ్చి తీసుకున్నా. 4,30,000 కారుకే పెట్టేశా. చేతిలో మిగిలింది ఇరవై వేలు. ఆ తర్వాత మొదటి ఏడాదిలో పెట్టిన ఖర్చు చూడండి.

- పేరు మార్పు, ఇన్సూరెన్స్: 24,000
- గేర్‌బాక్స్ రిపేర్: 68,000
- కారు మోసుకొచ్చిన లారీకి: 6,500
- నాలుగు టైర్లు: 26,000
- ముందు సస్పెన్షన్ బుష్‌లు, లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్‌లు: 19,000
- ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్‌లు, బ్రేక్ ప్యాడ్‌లు: 17,000

మొత్తం 1,60,500. కారు ధరలో వందకి 37 రూపాయలు! అంటే నేను కొన్నది 4,30,000 కారు కాదు, 5,90,500 కారు. ఈ రెండో నంబర్ ముందే తెలిసుంటే నా బడ్జెట్‌కి అది సరిపోదని మొదటిరోజే అర్థమయ్యేది.

గేర్‌బాక్స్ బిల్లు కట్టడానికి క్రెడిట్ కార్డు గీకా. జీతం వాయిదాలకే పోయింది. జులైలో చెల్లి ఫీజు కట్టే రోజు వచ్చింది. నా దగ్గర్నుంచి రూపాయి వెళ్లలేదు. నెలాఖరుకి ఊరెళ్తే అమ్మ మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది. గొలుసు తాకట్టుకి వెళ్లింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెడుతూ అమ్మ అడిగింది, "కారు బాగైందా నాన్నా?" అని. ఆ ముద్ద గొంతు దిగలేదు.

ఆ గొలుసు విడిపించడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ ఆఫీసుకి మెట్రోలో, షేర్ ఆటోలో తిరిగా. కారు ఆదివారం మాత్రమే బయటకి తీసేవాణ్ని.

అందుకే ఎవరడిగినా నేను చెప్పే మాట ఒక్కటే. మీ దగ్గరున్న డబ్బుని మూడు భాగాలు చేయండి. రెండు భాగాలతోనే కారు వెతకండి. మూడోది కారు వచ్చాక మొదటి ఏడాది కోసం. 4,50,000 ఉంటే మూడు లక్షల కారే చూడాలి. ఆ లక్షన్నర విడిగా ఉంచలేకపోతే ఇంకో ఆర్నెల్లు ఆగండి, లేదా పవర్ తక్కువున్న కారు తీసుకోండి. తప్పేం లేదు. ఇంట్లోవాళ్ల డబ్బు కలిపితే మాత్రం ఆ మూడో భాగం లేకుండా అడుగు వేయకండి.

బండిని 'చల్లగా' చూడండి!

ముందురోజు రాత్రే ఓనర్‌కి ఫోన్ చేసి చెప్పండి: "రేపు మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి." వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే సాయంత్రమో, ఇంకో రోజో వస్తామని చెప్పి వచ్చేయండి. మొహమాటం వద్దు.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి అరనిమిషం చాలా నిజాలు చెప్తుంది. గొలుసు కదిలినట్టు గలగల శబ్దం వస్తే టైమింగ్ చైన్ వదులై ఉండొచ్చు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగులో, వాల్వ్ సీల్సో, టర్బోనో చూడాలి. చలికాలం పొద్దున కాస్త తెల్ల ఆవిరి మామూలే. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోందని అనుమానించాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కూలెంట్ మూత తీయొద్దు, మొహం కాలుతుంది.

డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్ సంగతి తెలుసుకోవాలి. ఇందులో క్లచ్‌లు రెండుంటాయి. ఒకటి 1, 3, 5 లాంటి గేర్లు చూసుకుంటుంది, రెండోది 2, 4, 6 చూసుకుంటుంది. ఒకటి పనిచేస్తుండగానే రెండోది తర్వాతి గేర్ రెడీగా పెట్టుకుంటుంది. గేర్ అంత వేగంగా మారడానికి కారణం అదే. డ్రై క్లచ్ రకంలో వేడిని తీసుకుపోయే ఆయిల్ ఉండదు. మన ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించే కొద్దీ క్లచ్ వేడెక్కి అరుగుతుంది.

కాబట్టి ఖాళీ రోడ్డు మీద నడిపి మురిసిపోకండి. ఖాళీ రోడ్డు మీద ప్రతి కారూ బాగానే ఉంటుంది. మెహిదీపట్నం లాంటి చోట సాయంత్రం జామ్‌లోకి తీసుకెళ్లండి. ఒకటి నుంచి రెండో గేర్‌కి మారేటప్పుడు బండి వణుకుతోందా? ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగి మళ్లీ కదిలేటప్పుడు జర్క్ ఇస్తోందా? రివర్స్ వెంటనే పడుతోందా? కనీసం అరగంట నడపాలి. ఆయిల్‌లో మునిగుండే ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ రకమైతే ప్రతి 60,000 కిలోమీటర్లకీ గేర్ ఆయిల్ మార్చాలి. లక్ష దాటిన బండికి ఆ బిల్లు ఒక్కటైనా లేకపోతే బేరం అక్కడ్నుంచే మొదలుపెట్టండి.

టైర్ పక్కన చూస్తే ఓ నాలుగంకెలు కనిపిస్తాయి. '2319' అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గీతలు బాగున్నా ఆరేడేళ్లు దాటితే రబ్బరు గట్టిపడి వానలో పట్టు తగ్గుతుంది. లోపలి అంచు మాత్రమే అరిగిందంటే అలైన్‌మెంట్, బుష్‌ల పని ఉన్నట్టే.

అన్నిటికన్నా ముఖ్యం, ఓనర్‌తో సంబంధం లేని మెకానిక్‌కి చూపించడం. లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూడాలి, స్కానర్ పెట్టాలి. ఇక్కడో కిటుకు ఉంది. అమ్మేముందు కొందరు స్కానర్‌తో ఎర్రర్ కోడ్‌లు తుడిచేస్తారు. అప్పుడు కారు తనను తాను చేసుకునే పరీక్షల్లో కొన్ని 'ఇంకా పూర్తి కాలేదు' అని స్కానర్‌లో కనిపిస్తాయి. మంచి మెకానిక్ అది చూడగానే పట్టేస్తాడు. ఈ చెకింగ్‌కి నన్ను ఒకాయన 2,500 అడిగాడు. ఎక్కువనిపించి వదిలేశా. 2,500 మిగుల్చుకుని 68,000 పోగొట్టుకున్న తెలివి నాది!

కాగితాలు కూడా కారులో భాగమే

డబ్బు మొత్తం చేతిలో పెట్టేముందు బండి నంబర్‌తో ఆన్‌లైన్‌లో వివరాలు చూడండి. చలాన్లు ఎన్నున్నాయి, బ్యాంకు అప్పు ఉందా, ఇన్సూరెన్స్ నడుస్తోందా అన్నది ఫోన్‌లోనే తెలుస్తుంది. ఆర్‌సీ మీద హైపోథికేషన్ ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌వోసీ, ఫారం 35 కావాలి. పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఢిల్లీ బండి చవగ్గా కనిపించేది ఇందుకే. అక్కడ పాత డీజిల్, పెట్రోల్ బండ్ల వయసు మీద పెట్టిన నిబంధనల వల్ల పాతబడ్డవి బయటికొస్తాయి. ట్యాక్స్ కలిపాక ఆ చవక ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి.

'పేరు తర్వాత మార్చుకుందాంలే బ్రో' అనే మాట వినొద్దు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లనే ఓనర్‌గా చూడాలని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. రేపు యాక్సిడెంట్ అయితే అమ్మినవాళ్లు కోర్టుకెళ్లాలి, మీ కారు రిపేర్‌కి క్లెయిమ్ కూడా రాదు. బండి తీసుకున్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్చమని కంపెనీకి రాయాలి. పాత ఓనర్‌కున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, కారుతో పాటు మీకు రాదు.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి. "ఈసీయూ రీమ్యాప్ చేయించారా?" సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం ఈ బండ్లలో మామూలు. అమ్మేముందు మళ్లీ పాత సాఫ్ట్‌వేర్ వేసేస్తారు. కానీ అప్పటిదాకా అదనపు టార్క్ మోసిన క్లచ్ కొత్తది అయిపోదు. కంపెనీ ఇచ్చిన తీరుని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. చెప్పకుండా మార్పులు చేయిస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది మీరే.

పవర్‌కి ముందు బ్రేకు

ఫ్రెండ్స్ ఎక్కగానే అనే మొదటి మాట, "ఓఆర్‌ఆర్ మీద తొక్కుదాం మామా!" ఓఆర్‌ఆర్ మీద వేగంగా వెళ్లే మొదటి రెండు లేన్లలో పరిమితిని 2023లో 120 చేశారు. లక్ష కిలోమీటర్లు తిరిగిన కారు ఆ వేగం సులువుగానే అందుకుంటుంది. ఆగగలదా అన్నదే ప్రశ్న. పాత టైర్లు, అరిగిన బుష్‌లు, నీళ్లు చేరిన బ్రేక్ ఆయిల్.. వీటితో ముందుకు దూకించడం తేలికే, ఆపడం మన చేతిలో ఉండదు. అందుకే కారు రాగానే మొదటి డబ్బు మ్యూజిక్ సిస్టమ్‌కో, పెద్ద సైలెన్సర్‌కో పెట్టకండి. టైర్లు, బ్రేక్ ఆయిల్, ప్యాడ్‌లు, ఇంజిన్ ఆయిల్, కూలెంట్.. ముందు ఇవి. పాత ఓనర్ 'మొన్ననే మార్చా' అన్నా సరే, బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

వేగంగా నడిపి ఆపిన వెంటనే ఇంజిన్ ఆఫ్ చేయొద్దు. ఇంటికి ముందు ఓ కిలోమీటరు నిదానంగా వస్తే టర్బో తనంతట తనే చల్లబడుతుంది. నాన్న దీనికి చెప్పే పోలిక, "పరిగెత్తి వచ్చిన ఎద్దుని వెంటనే కట్టెయ్యకూడదు."

ఇంతా చెప్పాక మీరు అడుగుతారు: మరి ఆ కారు అమ్మేశావా అని. లేదు. ఇప్పుడు మీటర్ 1,39,000 దాటింది. గేర్లు వెన్నలా పడుతున్నాయి. ప్రతి బిల్లూ ఓ ఫైల్‌లో తేదీల వారీగా దాచా. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే కొనేవాళ్లకి ఆ ఫైల్ ముందు చూపిస్తా, కారు తర్వాత. పండక్కి ఊరెళ్తే నాన్నే నడుపుతారు. "పికప్ బాగుందిరా" అంటారు, ముసిముసిగా నవ్వుతూ. పంతంగి టోల్‌గేట్ దాటేదాకా అమ్మ మాత్రం ఇప్పటికీ మాట్లాడదు.

మొన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. ఉద్యోగంలో చేరి ఏడాదైంది వాడికి. "అన్నా, ఉప్పల్‌లో ఓ బండి ఉంది. టర్బో. లక్షా నాలుగు వేలు తిరిగింది. ఆదివారం నువ్వూ పెదనాన్నా వస్తారా?"

"వస్తాం. నీ దగ్గర మొత్తం ఎంతుంది?"

"మూడున్నర. బండి మూడు ఎనభై అంటున్నాడు, అడిగితే మూడున్నరకి ఇస్తాడు."

"అయితే అది నీ బండి కాదురా. రెండు ముప్పైలో ఏముందో చూడు. దొరికితే ఓనర్‌కి శనివారం రాత్రి ఫోన్ చెయ్."

"ఏమని?"

"మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని."